మురుగు కాలువకి ఆధార్ కార్డు లేదు

అమలాపురం బస్టాండు దగ్గరైనా, రాజోలు సెంటర్లోనైనా, కొత్తపేటలో ఏ టీ కొట్టు ముందైనా ఓ పావుగంట నిలబడండి. రెండు మాటలు తప్పకుండా చెవినపడతాయి. ఒకటి: "పన్నులు కట్టేది మనం, పంచిపెట్టేది వాళ్ళకి. ఇలా పంచుకుంటూ పోతే రాష్ట్రం ఏమైపోవాలండీ?" రెండోది: "పేదోడికి నాలుగు రూపాయలిస్తే మీకెందుకండీ కడుపుమంట? మీకు ఇచ్చినప్పుడు మేం అడిగామా?" ఈ రెండు మాటలూ అనేవాళ్ళు ఒకే బల్ల మీద కూచుని ఒకే టీ తాగుతుంటారు. ఆఖర్న డబ్బులిచ్చే దగ్గర మాత్రం "నేనిస్తానండీ ఆయ్, మీరుండండి" అని పోటీ పడతారు. మనవాళ్ళ మర్యాద అది.

టీవీ చర్చల్లోకి వెళ్తే ఇదే గొడవ ఇస్త్రీ చొక్కా వేసుకుని కనబడుతుంది. సంక్షేమమా, అభివృద్ధా? ప్రభుత్వం అన్నీ చేయాలా, తప్పుకుని ప్రైవేటుకి వదిలేయాలా? తమ పార్టీ పంచితే సంక్షేమం, అవతలి పార్టీ పంచితే దుబారా. ఇది వింటున్నప్పుడల్లా నాకో అనుమానం. సర్కారు ఎంత లావుగా ఉందో కొలుస్తున్నాం గానీ, అందులో ఏ చెయ్యి లావెక్కింది, ఏ చెయ్యి చిక్కిపోయింది అన్నది చూడ్డం లేదేమో అని. కోనసీమవాళ్ళకి ఆ తేడా తెలియడానికి పెద్ద పుస్తకాలక్కర్లేదు. ఊరి చివర మురుగు కాలువ చూస్తే చాలు.

ముందు అసలు తినేది ఎవరో ఓసారి లెక్క చూసుకుందాం. వృద్ధాప్య పింఛను తీసుకునే మామ్మగారు సరే, ఆవిడ అందరికీ కనబడుతుంది. నెల నెలా పెన్షను తీసుకునే రిటైరైన మాస్టారు? మోటారుకి ఉచిత కరెంటు వాడుకునే రైతు? ఆక్వా జోన్‌లో యూనిట్టు రూపాయిన్నరకే కరెంటు తీసుకునే రొయ్యల చెరువు ఆసామి? ఆరోగ్యశ్రీ డబ్బు రోగి పేరు మీద వచ్చినా, చేరేది ఆసుపత్రి ఖాతాలోకి. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు డబ్బు కుర్రాడి పేరు మీద వచ్చినా, చాలా ఏళ్ళు నడిచింది ఇంజనీరింగ్ కాలేజీల మీద. నా బీటెక్ ఫీజులోనూ ఏడాదికి 35 వేలు సర్కారే కట్టింది. ఇవాళ నేను కట్టే ఆదాయపు పన్ను చూపించి "నా డబ్బులు పంచుతున్నారు" అనాలంటే ముందు ఆ పద్దు కూడా పక్కన రాసుకోవాలి కదా. ఇలా చూస్తే ఏదో ఒక దారిన అందరం తింటున్నాం. కాకపోతే ఎవరికొచ్చింది వాళ్ళకి హక్కు, ఎదుటివాళ్ళకొచ్చింది ఉచితం.

ఇక సర్కారు సైజు సంగతి. ఇది మన రాష్ట్రంలో కొత్త గొడవ కాదు. 1984 జనవరిలో ఎన్టీఆర్ కరణాలు, మునసబుల ఉద్యోగాల్ని ఒక్క ఆర్డినెన్సుతో తీసేశారు. తరతరాలుగా ఊరి లెక్కలు గుప్పిట్లో పెట్టుకున్న కుటుంబాల చేతుల్లోంచి దస్త్రాలు వెళ్ళిపోయాయి. ఉద్యోగాలు తగ్గాయి, కాబట్టి అది ప్రభుత్వం చిన్నదవడమే. మరుసటేడు 1985లో తాలూకాలూ ఫిర్కాలూ పోయి వెయ్యికి పైగా మండలాలొచ్చాయి. ఆఫీసులు ఊళ్ళకి దగ్గరయ్యాయి, కాబట్టి అది ప్రభుత్వం పెద్దదవడమే. రెండూ చేసింది ఒకాయనే, ఏడాదిన్నరలోపే. మరి ఆయన్ని పెద్ద ప్రభుత్వం మనిషి అనాలా, చిన్న ప్రభుత్వం మనిషి అనాలా? ఆ ప్రశ్నకి అర్థమే లేదు. ఎవరి చేతిలోంచి తీసి ఎవరికి దగ్గర చేశారన్నదే అసలు ప్రశ్న.

తర్వాత 2019. అక్టోబరు 2న మన పక్కనే కరపలో గ్రామ సచివాలయాల వ్యవస్థ మొదలైంది. రాష్ట్రంలో 15 వేల పైచిలుకు గ్రామ, వార్డు సచివాలయాలు, లక్షకి పైగా కొత్త ఉద్యోగాలు. దానికి ముందే ఆగస్టు 15న వలంటీర్లొచ్చారు. యాభై ఇళ్ళకి ఒకరు, నెలకి 5 వేల గౌరవ వేతనం. మొత్తం రెండున్నర లక్షల మందికి పైనే. ఒకటో తారీఖు తెల్లారకుండానే తలుపు కొట్టి పింఛను చేతిలో పెట్టేవారు. 2024లో ప్రభుత్వం మారింది, వలంటీర్లు పోయారు. జులై 1న సచివాలయ ఉద్యోగులే ఇంటింటికీ తిరిగి 65 లక్షల మంది పింఛన్లు పంచారు. అంటే రెండున్నర లక్షల మంది ఉన్నప్పుడూ పింఛను ఇంటికొచ్చింది, వాళ్ళు లేనప్పుడూ ఇంటికొచ్చింది. వలంటీరు వేరే పనులు కూడా చేసిపెట్టేవాడు, నిజమే. దరఖాస్తు రాయించుకోవడం, సర్టిఫికెట్టు తెచ్చిపెట్టడం లాంటివి ఇప్పుడు మళ్ళీ మన కాళ్ళ మీద పడ్డాయి. దాని మీద ఎటువైపైనా వాదించవచ్చు. ఒకటి మాత్రం ఇద్దరూ రుజువు చేశారు. ఒక మనిషి పేరు మీద డబ్బు పంపాలని సర్కారు గట్టిగా అనుకుంటే, ఎంతమంది సిబ్బందితోనైనా పంపగలదు.

పాత కాలంతో పోలిస్తే ఇది చిన్న సంగతేం కాదు. 2014లో 200 నుంచి వెయ్యికీ, 2019లో 2 వేలకీ, 2024లో 4 వేలకీ పెరిగిన పింఛను మధ్యలో ఎవరూ కొట్టెయ్యకుండా ముసలమ్మ చేతికి చేరుతోందంటే దాని వెనకాల బలమైన వ్యవస్థ ఉంది. నేను డేటాబేసులతో పనిచేసేవాణ్ణి కాబట్టి దాని లోపలి పద్ధతి నాకు కాస్త అర్థమవుతుంది. ప్రతి కుటుంబానికీ ఒక వరుస. అందులో ఆధార్ నంబరు, బియ్యం కార్డు, కరెంటు మీటరు, భూమి రికార్డు, బ్యాంకు ఖాతా. ఆరు అంచెల తనిఖీ అని ఒకటి ఉంది. ఊళ్ళో ఉండేవాళ్ళకి నెల ఆదాయం 10 వేలు దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు దాటకూడదు. నెలకి 300 యూనిట్లకి మించి కరెంటు కాలకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు ఉండకూడదు. ఒక గడిలో తేడా వస్తే ఆ కుటుంబం మొత్తం పక్కకి పోతుంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు పేరు ఇంకా తల్లి కార్డులోనే ఉందనుకోండి. వాడు డబ్బు పంపుతున్నాడా లేదా అన్నది కంప్యూటరుకి అక్కర్లేదు. పన్ను కట్టాడు, అంతే. ఎవరికి ప్రభుత్వం అందుతుందో ఇప్పుడు కరణం కాదు, గడి నిర్ణయిస్తోంది. కరణంతో కనీసం దెబ్బలాడేవాళ్ళం.

సరే, ఆ లోపాలు సరిదిద్దుకోవచ్చు. వాటికి ఫిర్యాదు చేసే మనిషైనా ఉంటాడు. అసలు గడే లేని వాటి సంగతేంటి?

మలికిపురం మండలం కేశనపల్లి వైపు వెళ్ళినవాళ్ళకి తెలుసు. శంకరగుప్తం మేజర్ డ్రెయిన్ వెంబడి కొబ్బరి చెట్లు తలల్లేకుండా మోళ్ళై నిలబడి ఉంటాయి. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం నీళ్ళు డ్రెయిన్‌లోకి ఎదురెక్కి తోటల్లోకి చేరతాయి. వెనక్కి వెళ్ళే దారి సరిగ్గా లేక అక్కడే నిలవుంటాయి. ఉప్పు నీళ్ళలో వేళ్ళు నానితే కొబ్బరి చెట్టు ఎన్నాళ్ళు బతుకుతుంది? ముందు కాయ సైజు తగ్గింది, తర్వాత గెల తగ్గింది, ఆఖరికి మొవ్వు రాలిపోయింది. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చి ఆ తోటలు చూశారు. మంచిదే. అయితే కొబ్బరి చెట్టు ఒక్క రోజులో చావదు. ఏళ్ళ తరబడి చచ్చింది. ఆ ఏళ్ళన్నిట్లోనూ ఆ తోటల యజమానుల ఖాతాల్లోకి పథకాల డబ్బు పడుతూనే ఉంది. డబ్బు చేరింది, డ్రెయిన్ బాగుపడలేదు.

ఇది ఒక్క శంకరగుప్తం కథ కాదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు దగ్గరదగ్గర లక్ష ఎకరాలు నాట్లు వేయకుండా వదిలేశారు. పంట విరామం అన్న మాట దేశమంతా వినబడింది అప్పుడే. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. ఆ ఏడు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలు 1,080, అంటే 75 కేజీల బస్తా 810 రూపాయలు. గిట్టుబాటు ధర లేకపోవడం, కూలి ఖర్చులు పెరగడం రెండు కారణాలైతే, మూడోది ముంపు. వానలకి చేలు మునిగితే నీళ్ళు పోయే దారి లేదు. డ్రెయిన్లలో పూడిక, పూడిక మీద గుర్రపుడెక్క. ప్రపంచంలో ఇంకెక్కడైనా నీళ్ళు లేక పంట మానేస్తారు. మన దగ్గర నీళ్ళు పోక మానేశారు. 2022 జూన్‌లో కొన్ని మండలాల రైతులు మళ్ళీ అదే మాటన్నారు. ఈ పదకొండేళ్ళలో ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రం రెండైంది, సచివాలయాలొచ్చాయి. మురుగు మాత్రం దిగలేదు.

ఇక్కడే ప్రభుత్వంలో చిక్కిపోయిన చెయ్యి కనబడుతుంది. మన పెద్దాళ్ళని అడగండి, లస్కరు అంటే ఎవరో చెప్తారు. కాలువ గట్టు మీద సైకిలేసుకుని తిరిగే ఇరిగేషన్ శాఖ చిన్నుద్యోగి. లాకుల తలుపులు ఎత్తేది, దింపేది, తూముల దగ్గర కాపలా కాసేది, గండి పడేలా ఉంటే ముందే పసిగట్టేది ఆయనే. ఏ చేలో నీళ్ళు ఎప్పుడు ఎక్కుతాయో, ఏ డ్రెయిన్ ఎక్కడ అడ్డం పడుతుందో ఆయన బుర్రలో ఉండేది. రిటైరైన లస్కరు స్థానంలో కొత్తవాణ్ణి వేయడం ఏళ్ళ క్రితమే తగ్గిపోయింది. తాత్కాలికంగా పెట్టుకుని, సీజనైపోగానే పంపించేయడం మొదలైంది. గ్రామ సచివాలయంలో సంక్షేమ సహాయకుడున్నాడు, డిజిటల్ సహాయకుడున్నాడు, సర్వే సహాయకుడున్నాడు. వాళ్ళందరూ అవసరమే. లస్కరు మాత్రం లేడు. కాబట్టి కోనసీమలో ప్రభుత్వం పెరిగిందా తగ్గిందా అని అడిగితే నా జవాబు రెండూ అనే. పేరు రాసుకునే చోట పెరిగింది, గట్టు మీద తగ్గింది.

ఎందుకిలా? పార్టీల దుర్మార్గం అనేస్తే తేలిగ్గా ఉంటుంది. అసలు కారణం ఏంటంటే, ఖాతాలో పడిన డబ్బుకి ఫోన్లో మెసేజ్ వస్తుంది. ఎవరిచ్చారో తెలుస్తుంది. డ్రెయిన్ బాగా పారిన రోజు ఎవరికీ మెసేజ్ రాదు. చేను మునగలేదన్న సంగతి ఎవరి ఖాతాలోనూ జమకాదు. బాగుచేసినవాడికి ఓటు రాదు, పాడుచేసినవాడికి ఓటు పోదు. ఎందుకంటే డ్రెయిన్ పూడ్డానికి పదేళ్ళు పడుతుంది, ఎన్నికలు అయిదేళ్ళకొస్తాయి.

ఈ సంగతి ప్రభుత్వాలకి తెలియదనుకోకండి. బడి సొమ్ములో చూడండి. అమ్మ ఒడి కింద 15 వేలన్నారు. తర్వాత్తర్వాత అందులోంచి 2 వేలు మరుగుదొడ్లకీ బడి నిర్వహణకీ పట్టుకుని 13 వేలు వేశారు. ప్రభుత్వం మారి, పథకం పేరు తల్లికి వందనం అయింది. 2025 జూన్‌లో మళ్ళీ 15 వేలన్నారు, 2 వేలు బడి నిర్వహణకి పట్టుకుని 13 వేలే వేశారు. ఒకరి మీద ఒకరు కారాలూ మిరియాలూ నూరుకునే రెండు పార్టీలు ఈ ఒక్క దగ్గర మాత్రం అచ్చంగా ఒకే లెక్క చేశాయి. తల్లి ఖాతాలో ఎంత వేసినా పిల్లకి బడిలో మరుగుదొడ్డి ఉండాలి కదా అన్న జ్ఞానం రెండిటికీ ఉంది. మరి రైతు ఖాతాలో ఎంత వేసినా చేను పక్కన డ్రెయిన్ ఉండాలి కదా? ఆ జ్ఞానమెందుకు కలగలేదు?

ఉమ్మడి ఖర్చు విలువ మనకి ఎవరో వచ్చి చెప్పక్కర్లేదు. మన నేలే అందుకు సాక్ష్యం. 1832-33 కరువు తర్వాత రాజమండ్రి జిల్లా చితికిపోయింది. 1821లో 7.38 లక్షలున్న జనాభా 1841 నాటికి 5.61 లక్షలకి పడిపోయింది. పక్కనే గోదావరి పారుతుండగా జనం చచ్చిపోయారు, వలసపోయారు. కాటన్ దొర అడిగితే కుంపిణీ ఒప్పుకుని డబ్బిచ్చింది. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా 49 ఖానాల అక్విడెక్టు లేచి రాజోలు వైపు దీవికి నీళ్ళొచ్చాయి. కుంపిణీ దయతో చేయలేదు, శిస్తు వసూలు పెరుగుతుందని చేసింది. అయినా ఆ ఖర్చు నూటడెబ్భై ఏళ్ళుగా మనకి అన్నం పెడుతోంది. ఊరూరా కాటన్ విగ్రహం ఉంది, మే 15న దండలు వేస్తాం. దండ వేసిన చేత్తో కాలువలో ప్లాస్టిక్ సంచులు పడేస్తాం, అది వేరే కథ.

అయితే ఇక్కడ ఆగి ఇంకో మాట అనాలి. లేకపోతే "పథకాలు ఆపి కాలువలు తవ్వండి" అన్నట్టు వినబడుతుంది. నేను అనేది అది కాదు. ఆనకట్ట నీళ్ళ లాభం ఎవరికి చేరింది? సార్వాకి ఎకరాకి 200, దాళ్వాకి 150 రూపాయలు నీటి తీరువా అని 1990ల్లో పెట్టారు. 2025-26లో మద్దతు ధర క్వింటాలు 2,369. ఆ లెక్కన 200 రూపాయలంటే తొమ్మిది కేజీల ధాన్యం ధర కూడా కాదు. ఇంత చవగ్గా వచ్చే నీళ్ళ లాభం దున్నేవాడికి మిగులుతుందా? ఎకరం సార్వాకి పన్నెండు బస్తాలు శిస్తనుకుందాం. బస్తా 1,777 చొప్పున 21 వేల పైనే. కాలువ కింద పొలానికి అంత శిస్తు ఎందుకొస్తుంది? నీళ్ళున్నాయి కాబట్టే. ప్రజల డబ్బుతో వచ్చిన నీళ్ళ విలువ శిస్తు రూపంలో భూమి ఉన్నవాళ్ళ గాదెలోకి వెళ్తోంది. ఆ ఆసామి ఏ హైదరాబాదులోనో ఉండొచ్చు. అన్నదాత సుఖీభవ కింద కేంద్రం వాటాతో కలిపి ఏడాదికి 20 వేలు కూడా రికార్డులో పేరున్నవాళ్ళకే. కౌలు రైతుకి రావాలంటే సాగుదారు హక్కు పత్రం కావాలి. 2019 చట్టం ప్రకారం దానికి ఆసామి సంతకం కావాలి. సంతకం పెడితే ఎక్కడ భూమి పోతుందోనని ఆసామి భయం. అడిగితే ఎక్కడ కౌలు పోతుందోనని ఇతని భయం. నష్టమొచ్చిన రోజున పెట్టుబడి ఇతనిది, పరిహారం అతనిది.

ఇక అసలు భూమే లేనివాళ్ళు? మన కోనసీమలో వాళ్ళ సంఖ్య తక్కువేం కాదు. పేటల్లో, కాలనీల్లో ఉండే కూలి కుటుంబాలకి ఆనకట్ట ఇచ్చింది కూలి పనే గానీ భూమి కాదు. తరాల తరబడి సర్కారు ఖర్చంతా వాళ్ళ పక్క నుంచి పారి వేరే వాళ్ళ చేలల్లోకి వెళ్ళింది. వాళ్ళ పేరు రాసి, వాళ్ళ ఖాతాలో, ఎవరి సిఫార్సూ లేకుండా సర్కారు డబ్బు వేయడం మొదలైంది ఈమధ్యే. అందుకే ఉచితాలు ఆపండి అంటే వాళ్ళకి ఒళ్ళు మండుతుంది. నూటయాభై ఏళ్ళు మీ పొలానికి నీళ్ళు పారినప్పుడు ఎవరూ ఉచితం అనలేదే అని వాళ్ళడిగితే మన దగ్గర జవాబు లేదు.

కానీ వానొచ్చి డ్రెయిన్ పొంగితే ముందు మునిగేది కూడా ఆ కాలనీలే. పల్లంలో స్థలాలిచ్చింది వాళ్ళకే కదా. చేను మునిగితే కూలి పోయేది వాళ్ళకే. పంట విరామం అన్నప్పుడు రైతు పంట మానేశాడు, కూలికి పూటే మానింది. కొబ్బరి తోట మోడైతే దింపు కార్మికుడికీ, ఒలుపు కార్మికుడికీ పని పోయినట్టే. కాబట్టి ఉమ్మడి ఖర్చు ఎగ్గొట్టి ఖాతాలో వేస్తే ఆ ఖాతా ఉన్నవాడికే నష్టం. నెలకి 4 వేలొచ్చిన ఇంట్లో మోకాలెత్తు నీళ్ళు నిలిస్తే ఆ 4 వేలు మందులకే పోతాయి. ఇది ఒకరి నోట్లోది తీసి ఇంకొకరికి పెట్టే తగువు కాదు. రెండో చెయ్యి కూడా పనిచేయాలన్న మాట.

ఈ కళ్ళతో చూస్తే మన దగ్గర నడిచే మిగతా వాదనలు కూడా తేటపడతాయి. కోటిపల్లి–నర్సాపురం రైలు మార్గం సంగతి తీసుకోండి. బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజుల్లో, 2000లో మంజూరైంది. పొడవు 57 కిలోమీటర్లు. దారిలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ మీద వంతెనలు. ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం పెట్టుకోవాలి. పాతికేళ్ళు దాటాయి, పట్టాల మీద బండి రాలేదు. ఆ పాతికేళ్ళలో ఏ ఒక్క నెలలోనూ "ఈ నెల నా రైలు రాలేదు" అని సచివాలయంలో ఫిర్యాదు నమోదవలేదు. పింఛను ఒక్కరోజు ఆలస్యమైతే ఊరంతా గొడవే.

అమలాపురం ప్రభుత్వ మెడికల్ కాలేజీదీ అదే దారి. 2021 మేలో శంకుస్థాపన చేసిన కాలేజీల్లో అదొకటి. 2025 సెప్టెంబరులో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టాలని నిర్ణయించిన పది కాలేజీల్లోనూ ఉంది. ఒకరు అమ్మేస్తున్నారంటారు, ఇంకొకరు త్వరగా పూర్తవుతుందంటారు. ఈ గొడవలో మనం అడగాల్సినవి మూడే. డబ్బు కట్టలేని రోగికి ఎన్ని మంచాలు? పేద పిల్లలకి ఎన్ని సీట్లు, ఏ ఫీజుకి? మాట తప్పితే నిలదీయడానికి మన ఊళ్ళో ఎవరి తలుపు కొట్టాలి? ఈ మూడిటికీ కాగితం మీద జవాబు రాసిచ్చిన తర్వాత ప్రభుత్వమా ప్రైవేటా అన్నది తేలిగ్గానే తేలుతుంది. రాసివ్వకపోతే ఎవరు కట్టినా అనుమానించాల్సిందే.

డబ్బెక్కడిది అంటారా? సబబైన ప్రశ్నే. నెదర్లాండ్స్ అని ఒక దేశం ఉంది. నేలలో నాలుగో వంతు సముద్ర మట్టం కన్నా కింద. మనకన్నా ఘోరం. అక్కడ నీళ్ళ పనులు చూసుకోడానికి విడిగా 21 నీటి బోర్డులున్నాయి. వాటి మూలాలు ఏడెనిమిది వందల ఏళ్ళ వెనక్కి వెళ్తాయి, అంటే ఆ దేశం కన్నా పాతవి. వాటికి నాలుగేళ్ళకోసారి ఎన్నికలు, వాటి పన్ను వాటిదే. గట్లకీ కాలువలకీ కట్టిన పన్ను వేరే పథకానికి మళ్ళించే వీల్లేదు. జనం కడతారు, ఎందుకంటే ఎక్కడ ఖర్చయిందో కళ్ళకి కనబడుతుంది. మన దగ్గర అలాంటి ఆలోచన లేకపోలేదు. 1997లోనే చట్టం చేసి సాగునీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలు కూడా జరిగాయి. సంఘాలున్నాయి, అధ్యక్షులున్నారు, ఊరేగింపులూ జరిగాయి. వాళ్ళ చేతిలో డబ్బుందా, లస్కరుని పెట్టుకునే అధికారముందా, తీరువాలో ఎంత తిరిగొస్తోంది అన్నది ఓటేసినవాళ్ళే అడగాలి. రొయ్యల చెరువు నీళ్ళు డ్రెయిన్‌లోకి వదిలేవాళ్ళ దగ్గర ఎంత వసూలు చేయాలో కూడా అప్పుడే తేల్చుకోవచ్చు.

ఇంతకీ చేయదగ్గ పనేంటి? నా దగ్గరున్నది చిన్న ఆలోచన, ఖర్చు పెద్దగా లేనిది. సచివాలయం గోడ మీద లబ్ధిదారుల జాబితా అంటిస్తారు కదా. దాని పక్కనే ఇంకో జాబితా అంటించాలి. ఊళ్ళో ఉన్న కాలువలు, డ్రెయిన్లు, తూములు, లాకులు, చెరువులు ఒక్కోటీ ఒక్కో వరుస. ఆఖరిసారి పూడిక ఎప్పుడు తీశారు, ఎంత బిల్లు అయింది, ఎవరు తీశారు, మళ్ళీ ఎప్పుడు తీయాలి, ఆ గట్టు చూసే లస్కరు ఎవరు. పేరు లేకపోతే ఖాళీ అని రాయాలి. ఇప్పుడున్న డేటాబేసులో ఇది చేర్చడం నాలుగు వారాల పని. అందులో కష్టమేం లేదు, చేయమని అడిగేవాళ్ళే లేరు. మనిషికి నంబరిచ్చి మనిషిని మర్చిపోకుండా చూసుకున్న సర్కారు, డ్రెయిన్‌కి ఒక నంబరిచ్చి డ్రెయిన్‌ని మర్చిపోకుండా చూసుకోలేదా?

వేసవిలో కాలువలు కట్టేస్తారు. పనులు చేసుకోడానికి మనకి దొరికేది ఆ కొద్ది వారాలే. జూన్ వచ్చి నీళ్ళు వదిలాక చేసిన పనీ, చేయని పనీ నీళ్ళ కిందకి పోతాయి, బిల్లులు మాత్రం పైకి తేలతాయి. అందుకని ఈసారి కాలువలు కట్టిన వారంలోనే మీ ఊరి డ్రెయిన్ వెంబడి ఓసారి నడిచి చూడండి. ఫోటో తీసి తారీఖు రాసుకోండి. గ్రామసభలో పింఛను గురించి అడిగే మనిషి పక్కనే నిలబడి, "మా డ్రెయిన్ పేరు ఏ జాబితాలో ఉందండీ?" అని అడగండి. ఆ పింఛను అడిగే మామ్మగారిని కూడా ఆ మాట అడగమనండి. మునిగేది ఆవిడిల్లే.